సోదర సంఘాల పతకాలు, ఆభరణాలు: చిహ్నాలు, అర్థాలు, హైదరాబాదు పాయలు

దీక్షతోనో ఆహ్వానంతోనో సభ్యులను చేర్చుకునే సోదర సంఘాలు తమవారికి పతకాలు, బిళ్లలు, ఉంగరాలు ఇస్తాయి. వాటి మీద చెక్కిన ప్రతి గుర్తుకూ సంఘం స్థిరపరచిన అర్థం ఉంటుంది. మంగళసూత్రం బిళ్ల మీద నామమో లింగమో చూసి ఆ ఇంటి సంప్రదాయం చెప్పగలిగినట్టే, ఈ పతకాన్ని చూసి ధరించినవారి సంఘం, హోదా, ఒక్కోసారి చేరిన సంవత్సరం కూడా చెప్పవచ్చు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో స్థిరపడిన ఈ ఆచారం అమెరికాలో కొత్త రూపాలు తొడుక్కుంది. హైదరాబాదుకు అది రెండు పాయలుగా వచ్చింది. కంటోన్మెంటు సైనికులతో వచ్చిన బ్రిటిష్ ఫ్రీమేసన్ లాడ్జిల, అంటే సభ్యుల శాఖల, పతకాలు మొదటి పాయ. అమెరికాలో పుట్టిన, లేదా అక్కడ చిహ్నం పొందిన సంఘాల బ్యాడ్జీలు రెండో పాయ. మొదటిదాని ఆనవాలు గోషామహల్ బారాదరి. రెండోదాని ఆనవాలు నారాయణగూడ వైఎంసీఏ.

రకాలు

ఈ వస్తువులను వాడుకను బట్టి నాలుగు రకాలుగా విభజించవచ్చు.

మొదటిది పదవి పతకం. మెడలో వేసుకునే వెడల్పాటి పట్టీకి కొసన, ఛాతీ మీద వేలాడుతుంది. ఇది సంఘం ఆస్తి. పదవీకాలం ముగిసిన రోజున పాతవారి మెడలోంచి తీసి కొత్తవారికి వేస్తారు. అందుకే కొన్ని లాడ్జిలలో ఒకే పతకం తరాల తరబడి చేతులు మారుతూ ఉంటుంది.

రెండోది గౌరవ పతకం. పదవి నుంచి దిగిన అధ్యక్షుడికో, శాఖను స్థాపించినవారికో, పెద్ద విరాళం ఇచ్చినవారికో సొంతంగా ఇచ్చేది. కోటుకు ఎడమవైపు రిబ్బనుతో గుచ్చుకుంటారు. వెనుకవైపు పేరు, తేదీ, శాఖ చెక్కి ఉంటాయి కనుక చరిత్రకారులకు ఎక్కువ పనికొచ్చేది ఇదే.

మూడోది సభ్యత్వ బ్యాడ్జి. కాలరుకు పెట్టుకునే చిన్న పిన్ను. రోజూ ధరించేది కనుక చిహ్నాన్ని వీలైనంత కుదించి చేస్తారు.

నాలుగోది సొంత ఆభరణం: ఉంగరం, చేతి బొత్తాం, జేబు గడియారం గొలుసుకు తగిలించే బిళ్ల. వీటిని సభ్యులు తమ ఖర్చుతో చేయించుకుంటారు. సంఘం నియమాలు వీటికి అంతగా వర్తించవు. కంసాలి చేతివాటం, కొన్నవారి అభిరుచి కనిపించేది వీటిలోనే.

పుట్టుక

1717 జూన్ 24న లండనులో నాలుగు లాడ్జిలు కలిసి తొలి గ్రాండ్ లాడ్జిగా ఏర్పడ్డాయన్నది ఫ్రీమేసన్ల సంప్రదాయ చరిత్ర. రాతిపని మేస్త్రీల పనిముట్లను నడవడికకు సంకేతాలుగా తీసుకోవడం వీరి పద్ధతి. 1727లో గ్రాండ్ లాడ్జి ఒక నియమం చేసింది. శాఖాధిపతి మూలమట్టాన్ని, మొదటి వార్డెన్ మట్టాన్ని, రెండో వార్డెన్ తూకపు గుండును తెల్ల రిబ్బనుతో మెడలో ధరించాలి. నేటి పదవి పతకాలకు మూలం ఈ నియమమే.

మూలమట్టం తొంభై డిగ్రీల కోణాన్ని సరిచూస్తుంది కనుక నిజాయితీకి గుర్తు. మట్టం అందరూ ఒకే నేల మీద నిలబడ్డవారని చెబుతుంది. ఈ పతకంలో కనిపించే మట్టం నేటి మేస్త్రీలు వాడే నీటిబుడగ రసమట్టం కాదు. ఇది త్రికోణపు చట్రం నడుమ దారం వేలాడే పాత పరికరం. తూకపు గుండు వంకర లేని నడతను సూచిస్తుంది. ఇతర పదవుల గుర్తులూ ఇలాగే తేలిగ్గా బోధపడేవే. కోశాధికారికి తాళంచెవి, కార్యదర్శికి అడ్డంగా వేసిన రెండు ఈక కలాలు, పురోహితుడికి తెరిచిన గ్రంథం, బయట కాపలా కాసేవాడికి కత్తి.

అమెరికాకు ఈ సంప్రదాయం త్వరగానే చేరింది. ఫిలడెల్ఫియాలో 1731 నాటికే లాడ్జి లెక్కల పుస్తకం ఉంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆ కాలంలోనే చేరాడు. బోస్టనులో హెన్రీ ప్రైస్ 1733లో శాఖను నిలబెట్టాడు. జార్జి వాషింగ్టన్ 1752 నవంబరు 4న వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్ లాడ్జిలో దీక్ష తీసుకున్నాడు.

తొలి అమెరికా పతకాలు

మొదట్లో అమెరికా లాడ్జిలు పతకాలను ఇంగ్లండు నుంచి తెప్పించుకునేవి. స్వాతంత్ర్య పోరాటం తరవాత స్థానిక వెండిపనివారు ఆ పని అందుకున్నారు. వారిలో ప్రసిద్ధుడు బోస్టను కంసాలి పాల్ రివియర్. 1760లో సెయింట్ ఆండ్రూస్ లాడ్జిలో చేరిన అతను లాడ్జిలకు పతకాలు చేశాడు, సభ్యత్వ పత్రాలు ముద్రించే రాగి ఫలకాలు చెక్కాడు, 1795 నుంచి 1797 వరకు మసాచుసెట్స్ గ్రాండ్ మాస్టరుగా పనిచేశాడు. చేసేవాడూ ధరించేవాడూ ఒకే సంఘంలోనివారు కావడంతో ఆనాటి అమెరికా పతకాల్లో చిహ్నాలు దట్టంగా, చేత్తో గీసిన బొమ్మల్లా ఉంటాయి. చిన్న వెండి రేకు మీదే సూర్యుడు, చంద్రుడు, ఏడు నక్షత్రాలు, రెండు స్తంభాలు, నలుపు తెలుపు గళ్ల నేల, నిచ్చెన, శవపేటిక అన్నీ ఇమిడ్చేవారు.

అమెరికాలో బాగా కనిపించే రకం మార్కు పతకం. మేసన్లలోని రాయల్ ఆర్చ్ అనే విభాగంలో మార్కు మాస్టర్ దశకు చేరిన ప్రతి సభ్యుడూ తనకంటూ ఒక గుర్తు ఎంచుకుని శాఖ పుస్తకంలో నమోదు చేయించుకోవాలి. పూర్వం రాతిపనివారు తాము చెక్కిన రాయి మీద సొంత గురుతు పెట్టుకున్న అలవాటుకు ఇది కొనసాగింపు. పతకం మీద కమాను నడిమి రాయి ఆకారం, దానిలో వలయంగా హెచ్, టి, డబ్ల్యు, ఎస్, ఎస్, టి, కె, ఎస్ అనే ఎనిమిది ఆంగ్లాక్షరాలు, మధ్యలో సభ్యుడి సొంత గుర్తు ఉంటాయి. సొలొమోను రాజు ఆలయ నిర్మాణానికి తూరు నగరం నుంచి వచ్చిన హీరాము అనే శిల్పి కథను ఆ అక్షరాలు గుర్తుచేస్తాయి. మధ్యలోని గుర్తు లంగరో, నాగలో, ఓడో కావచ్చు. దానిని బట్టి ఆ మనిషి వృత్తిని ఊహించే వీలు కూడా ఉంది.

సిన్సినాటీ సంఘం గరుడ పతకం మరో దారిలో పుట్టింది. 1783 మేలో విప్లవ సైన్యపు అధికారులు ఈ సంఘం స్థాపించారు. వాషింగ్టన్ తొలి అధ్యక్షుడు. పతకాన్ని రూపొందించినవాడు పియరీ లాంఫాఁ. తరవాత అమెరికా రాజధాని నగరానికి నక్షా గీసింది ఇతనే. బంగారు గరుడపక్షి ఎదమీద రోమను రైతు సిన్సినాటస్ బొమ్మ ఉంటుంది. నాగలి వదిలి యుద్ధానికి వెళ్లి, గెలిచాక తిరిగి పొలానికి వచ్చినవాడని అతని కథ. రిబ్బనులోని నీలం, తెలుపు అమెరికా, ఫ్రాన్సుల స్నేహానికి గుర్తులు. తొలి బంగారు పతకాలు పారిస్‌లో తయారయ్యాయి. సభ్యత్వం తండ్రి నుంచి పెద్దకొడుక్కి సంక్రమించడంతో, రాజరికాన్ని కాదన్న దేశంలో కొత్త జమీందారీ పుడుతోందని విమర్శ చెలరేగింది. ఫ్రాంక్లిన్ 1784 జనవరిలో కూతురికి రాసిన ఉత్తరంలో ఆ గరుడపక్షి టర్కీ కోడిలా ఉందని ఎగతాళి చేశాడు.

ముద్రిత పుస్తకాలు చిహ్నాలకు ఏకరూపం తెచ్చాయి. థామస్ స్మిత్ వెబ్ 1797లోనూ, జెరెమీ క్రాస్ 1819లోనూ ప్రచురించిన మార్గదర్శక గ్రంథాలు ఊరూరా కంసాలులకు నమూనా పుస్తకాలయ్యాయి. క్రాస్ పుస్తకానికి బొమ్మలు చెక్కినది ఏమోస్ డూలిటిల్. విరిగిన స్తంభం పక్కన విలపించే కన్య వంటి బొమ్మలు దీని ద్వారానే వ్యాపించాయి.

1826లో న్యూయార్క్ రాష్ట్రంలోని బటేవియాలో విలియం మోర్గాన్ అనే వ్యక్తి మేసన్ల రహస్యాలు బయటపెడతానని ప్రకటించి, ఆపై కనిపించకుండా పోయాడు. అతన్ని చంపేశారన్న అనుమానంతో మేసన్ వ్యతిరేక పార్టీయే ఏర్పడింది. శాఖలు మూతబడ్డాయి. కొన్నేళ్లపాటు ఆ గుర్తులు బయట ధరించడానికి సభ్యులు జంకారు.

ఆ కాలంలో పెరిగిన సంఘం ఆడ్‌ఫెలోస్. థామస్ వైల్డీ 1819 ఏప్రిల్ 26న బాల్టిమోరులో దీన్ని నెలకొల్పాడు. జబ్బుపడిన సభ్యుడికి సాయం, చనిపోతే ఖననం, భార్యాపిల్లలకు ఆసరా దీని పని. మూడు గొలుసు కడియాలు దీని గుర్తు. వాటిలోని మూడు అక్షరాలకు స్నేహం, ప్రేమ, సత్యం అని అర్థం. అరచేతిలో హృదయం, విల్లంబులు, కట్టెలమోపు కూడా వీరివే. 1851లో స్త్రీలకోసం వచ్చిన రెబెకా శాఖ గుర్తుల్లో పావురం, తేనెపట్టు, లిల్లీ పువ్వు ఉన్నాయి. మేసన్ కుటుంబాల స్త్రీల ఈస్టర్న్ స్టార్ సంఘానిది అయిదు రంగుల తలకిందుల నక్షత్రం. బైబిలులోని అయిదుగురు స్త్రీలకు ఒక్కో కోణం చొప్పున కేటాయించారు.

అంతర్యుద్ధం తరవాత ఫ్యాక్టరీల కాలం వచ్చింది. ఒహాయోలోని కొలంబస్‌లో ఎం.సి. లిల్లీ వంటి కంపెనీలు పతకాలు, కత్తులు, దుస్తుల కేటలాగులు అచ్చువేసి టపాలో అమ్మాయి. 1866లో ఏర్పడిన మాజీ సైనికుల సంఘం గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్ తన నక్షత్ర పతకాలను శత్రువు నుంచి పట్టుకున్న ఫిరంగుల కంచుతో పోయించింది. అక్కడ లోహమే చిహ్నం.

ప్రధాన చిహ్నాలు

పనిముట్లు: మూలమట్టం, వృత్తలేఖిని కలిసి ఉంటే అది ఫ్రీమేసన్ గుర్తు. మూలమట్టం చేతలకు, వృత్తలేఖిని కోరికలకు గిరి గీసుకోవడానికి సంకేతం. తాపీ సోదరభావమనే సున్నాన్ని పరచడానికి. ఇరవైనాలుగు అంగుళాల కొలబద్ద రోజులోని ఇరవైనాలుగు గంటలకు. సుత్తి, ఉలి మొరటు రాయి వంటి మనిషిని చదును చేయడానికి.

వెలుగు: సూర్యుడు, చంద్రుడు, శాఖాధిపతి ముగ్గురినీ మూడు చిన్న వెలుగులంటారు. కిరణాల నడుమ కన్ను దేవుడి ఎరుకకు గుర్తు. తూర్పు దిక్కు అధిపతి స్థానం.

మరణం: కపాలం, శవపేటిక, ఇసుక గడియారం, కొడవలి ఆభరణాల మీద ఉండడం మన కంటికి అశుభంగా తోస్తుంది. ఉన్న కాలాన్ని సద్వినియోగం చేసుకొమ్మన్న హెచ్చరికే వాటి ఉద్దేశం. సభ్యుల ఖననం బాధ్యతను మోసే సంఘాలకు అది రోజువారీ విషయం కూడా.

శ్రమ, పొదుపు: తేనెపట్టు సమష్టి శ్రమకు గుర్తు. 19వ శతాబ్దపు అమెరికాలో మేసన్లూ ఆడ్‌ఫెలోసూ ఇద్దరూ వాడారు కనుక ఒక్క తేనెపట్టును చూసి సంఘం ఏదో తేల్చకూడదు.

ఆశ, ఆశ్రయం: లంగరు, ఓడ, పావురం. ఇవి బైబిలు నుంచి, నౌకావృత్తి నుంచి వచ్చాయి.

జ్యామితి: షట్కోణ నక్షత్రం, త్రిభుజం, ఆంగ్ల జి అక్షరం. జి అక్షరాన్ని జ్యామితికీ దైవానికీ కలిపి చెబుతారు.

మొదటి పాయ: సికింద్రాబాదు నుంచి గోషామహల్ దాకా

భారతదేశంలో మేసన్ లాడ్జి 1730 నాటికి కలకత్తాలో, 1752 నాటికి మద్రాసులో ఉంది. చేరిన తొలి భారతీయుడిగా కర్ణాటక నవాబు కుమారుడు ఉమ్దతుల్ ఉమరాను చెబుతారు. 1770లలో తిరుచిరాపల్లిలో అతనికి దీక్ష ఇచ్చారు. నిజాం బ్రిటిష్‌వారితో చేసుకున్న 1798 ఒప్పందం తరవాత అతని రాజ్యంలో బ్రిటిష్ సేన స్థిరపడింది. 1806లో సికిందర్ జా పేరిట సికింద్రాబాదు వెలిసింది. 19వ శతాబ్దంలో అక్కడి సైనికుల మధ్య సెయింట్ జాన్ వంటి లాడ్జిలు నడిచాయి. పటాలాలు కదిలినప్పుడల్లా పతకాల పెట్టె కూడా వెంట కదిలేది.

నగరంలోని మేసన్ల భవనం గోషామహల్ బారాదరి. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా 1682లో కట్టించిన విలాస మందిరం ఇది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ బాల్యంలో, మొదటి సాలార్‌జంగ్ పాలన నడుపుతున్న కాలంలో, 1872లో ఇది ఫ్రీమేసన్లకు దక్కింది. కుతుబ్‌షాహీ కమానుల కింద మూలమట్టం, వృత్తలేఖిని గుర్తు నిలవడం అప్పటినుంచే.

ఇక్కడి పతకాలు ఇంగ్లండు, స్కాట్లండు పద్ధతివి. అమెరికా పద్ధతితో పోల్చితే తేడాలు స్పష్టం. మాజీ శాఖాధిపతికి అమెరికాలో వృత్తలేఖిని, వృత్తఖండం, మధ్యన సూర్యుడు ఇస్తారు. ఇంగ్లిషు పద్ధతిలో మూలమట్టానికి వేలాడే చిన్న వెండి పలక ఇస్తారు. దాని మీద లంబకోణ త్రిభుజపు మూడు భుజాల మీద మూడు చతురస్రాలుంటాయి. యూక్లిడ్ మొదటి గ్రంథంలోని 47వ ప్రతిపాదన అది. తెలుగునాట ఎన్నో కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ సూత్రాలలోని శుల్బభాగంలోనూ ఇదే సూత్రం యజ్ఞవేదికల కొలతల కోసం ఉంది. అయితే ఈ రెంటికీ చారిత్రక సంబంధం లేదు. డీకన్లనే సహాయక పదవులవారికి ఇంగ్లిషు పద్ధతిలో కొమ్మ పట్టిన పావురం. అమెరికాలో మూలమట్టం, వృత్తలేఖిని మధ్య ఒకరికి సూర్యుడు, ఒకరికి చంద్రుడు. మూలమట్టం, వృత్తలేఖిని నడుమ జి అక్షరం పెట్టడం అమెరికాలో రివాజు. బ్రిటిష్ పిన్నుల్లో అది అరుదు. రాయల్ ఆర్చ్ పతకం ఇంగ్లండులో షట్కోణ నక్షత్రం, అమెరికాలో కమాను నడిమి రాయి.

మట్టం చెప్పే సమానత్వం మాటల్లో ఉన్నంత తేలిగ్గా ఆచరణలోకి రాలేదు. బోస్టనులో ప్రిన్స్ హాల్ అనే స్వేచ్ఛా నల్లజాతీయుడు 1775 మార్చి 6న ఒక బ్రిటిష్ సైనిక లాడ్జిలో దీక్ష పొందాడు. స్థానిక లాడ్జిలు ఆదరించకపోవడంతో లండను నుంచి 1784లో అనుమతి తెచ్చుకుని ఆఫ్రికన్ లాడ్జి నడిపాడు. మన దేశంలోనూ అదే గొడవ. బొంబాయిలో భారతీయులకోసమే 1843లో రైజింగ్ స్టార్ లాడ్జి పెట్టవలసి వచ్చింది. కలకత్తాలో ప్రసన్నకుమార్ దత్తు 1863లో అడిగితే ప్రవేశం 1872లో దొరికింది. ఆ తరవాత తలుపులు తెరుచుకున్నాయి. 1884లో కలకత్తా యాంకర్ అండ్ హోప్ లాడ్జిలో చేరిన నరేంద్రనాథ్ దత్తు, తొమ్మిదేళ్లకు స్వామి వివేకానందగా సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో ఉపన్యసించాడు.

1961 నవంబరు 24న గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా ఏర్పడింది. రాంపూర్ నవాబు సయ్యద్ రజా అలీ ఖాన్ తొలి గ్రాండ్ మాస్టరు. తెలుగు రాష్ట్రాలు చెన్నై కేంద్రంగా ఉన్న దక్షిణ ప్రాంతీయ విభాగంలోకి వస్తాయి. పదవి పతకాల ఆకారాలు మాత్రం బ్రిటిష్ కాలంనాటివే కొనసాగుతున్నాయి. భారతీయ లాడ్జిలలో వచ్చిన ప్రధాన మార్పు పీఠం మీద కనిపిస్తుంది: సభ్యుల మతాలను బట్టి భగవద్గీత, ఖురాను, బైబిలు, అవెస్తా, గురు గ్రంథం పక్కపక్కన ఉంచుతారు.

రెండో పాయ: అమెరికా బ్యాడ్జీలు

అమెరికా నుంచి తెలుగువారికి ముందుగా అందినది దివ్యజ్ఞాన సమాజం చిహ్నం. 1875 నవంబరు 17న న్యూయార్క్‌లో బ్లావట్‌స్కీ, ఆల్కాట్ తదితరులు స్థాపించిన ఈ సమాజం 1882లో మద్రాసు అడయారుకు చేరింది. తోక మింగుతున్న పాము, షట్కోణం, ఈజిప్టు శిలువ, స్వస్తిక, ఓంకారం దాని ముద్రలో ఒకచోట చేరాయి. చుట్టూ సత్యాన్ని మించిన ధర్మం లేదన్న సంస్కృత సూక్తి. మదనపల్లెలో 1915లో సమాజ నాయకురాలు అనీబిసెంట్ కళాశాల నెలకొల్పడంతో ఈ ముద్ర రాయలసీమ విద్యార్థులకు సుపరిచితమయింది.

అదే మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని అధిపతిని చేసి 1911లో దివ్యజ్ఞాన సమాజ నాయకులు ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ స్థాపించారు. సభ్యుల గుర్తు చిన్న వెండి అయిదు కోణాల నక్షత్రం. 1929 ఆగస్టు 3న హాలండులోని ఓమెన్ శిబిరంలో కృష్ణమూర్తి ఆ సంఘాన్ని తానే రద్దు చేశాడు. సంఘం పెద్దే తన సభ్యుల బ్యాడ్జికి అర్థం లేకుండా చేసిన ఉదంతం సోదర సంఘాల చరిత్రలో అరుదు.

నారాయణగూడ వైఎంసీఏ గుర్తయిన త్రిభుజానిది వేరే కథ. సంఘం పుట్టింది 1844లో లండనులో, జార్జి విలియమ్స్ చేతుల మీదుగా. త్రిభుజం మాత్రం అమెరికాది. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ శిక్షణ కళాశాలలో లూథర్ గులిక్ 1891లో దాన్ని ప్రతిపాదించాడు. మూడు భుజాలు దేహానికి, మనసుకు, ఆత్మకు. అదే గులిక్ పురమాయించగా అదే సంవత్సరం డిసెంబరులో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్ ఆటను రూపొందించాడు. ఆ ఆటా ఆ త్రిభుజమూ ఒకే ఆలోచనకు రెండు రూపాలు. చదువుతో పాటు ఒళ్లు కూడా గట్టిపడాలన్నది ఆ ఆలోచన. మేసన్ గుర్తులకు దీక్ష పొందినవారే అర్థం చెప్పగలిగితే, ఈ త్రిభుజం అర్థాన్ని ఎవరైనా అడిగి తెలుసుకోవచ్చు. రెండో పాయ లక్షణం అదే: రహస్యం తగ్గి, ప్రచారం పెరిగింది.

రోటరీ 1905 ఫిబ్రవరి 23న చికాగోలో పుట్టింది. మాంటేగ్ బేర్ అనే చెక్కడపు పనివాడు మొదట గీసినది గుర్రపు బండి చక్రం. 1920లలో అది ఆరు ఆకులు, ఇరవైనాలుగు పళ్ల యంత్రచక్రమయింది. నడుమ ఇరుసు బిగించే గాడి పెట్టారు. గాడి లేని చక్రం ఊరికే తిరుగుతుంది, గాడి ఉంటే పని చేస్తుంది అన్నది దాని అర్థం. విరాళాలకు ఇచ్చే పాల్ హారిస్ ఫెలో గుర్తింపు 1957లో మొదలయింది. వెయ్యి డాలర్ల విరాళానికి పతకం, పిన్ను; ఆపై ప్రతి వెయ్యికీ పిన్నులో ఒక నీలం, తరవాత కెంపులు.

లయన్స్ 1917లో మెల్విన్ జోన్స్ చొరవతో చికాగోలో పుట్టింది, 1956లో బొంబాయి ద్వారా భారతదేశానికి వచ్చింది. ఆంగ్ల ఎల్ అక్షరానికి అటూ ఇటూ రెండు సింహాల ముఖాలు. ఒకటి గతాన్ని, ఒకటి భవిష్యత్తును చూస్తాయి. రోటరీ, లయన్స్ రెంటికీ కొత్త ఏడాది జూలై 1న మొదలవుతుంది. ఆ సమయంలో హైదరాబాదులోని క్లబ్బుల్లో పదవీ ప్రమాణాలప్పుడు పాత అధ్యక్షుడి మెడలోని పట్టీ కొత్తవారికి మారుతుంది. 1727 నాటి లండను నియమం పేరు మారి ఇక్కడ సాగుతోందని చెప్పవచ్చు.

తేదీలు, ముద్రలు చదవడం

మేసన్ పతకం మీద 5797 అని కనిపిస్తే భయపడనక్కరలేదు. సృష్టి నుంచి లెక్కించే వారి వెలుగు శకంలో క్రీస్తు శకానికి 4000 కలుపుతారు. కనుక అది 1797. రాయల్ ఆర్చ్ శాఖవారు 530 కలుపుతారు; నైట్స్ టెంప్లర్ శాఖవారు 1118 తీసేస్తారు. శాలివాహన శకానికి 78 కలిపే లెక్క తెలిసిన పాఠకుడికి ఇది కష్టం కాదు.

బ్రిటిష్ తయారీ అయితే వెనుక హాల్‌మార్కు చూడాలి. నడిచే సింహం వెండి స్వచ్ఛతకు, లంగరు బర్మింగ్‌హాంకు, చిరుతపులి తల లండనుకు, ఒక అక్షరం సంవత్సరానికి గుర్తులు. జార్జి కెన్నింగ్, స్పెన్సర్ కంపెనీల పేర్లు తరచు కనిపిస్తాయి. తొలి అమెరికా పతకాలకు ఇలాంటి ప్రభుత్వ ముద్ర లేదు. తయారీదారు పేరు, చెక్కడపు తీరు, శాఖ రికార్డులే ఆధారం. సాధారణ లాడ్జిల పతకాలు వెండివి, గ్రాండ్ లాడ్జివి బంగారు పూతవో బంగారువో కావడం రెండు దేశాల్లోనూ వాడుక.

అపోహలు

మేసన్ భవనాలను దేశంలో చాలాచోట్ల జాదూఘర్ అన్నారు. మూసిన తలుపులు, కపాలం బొమ్మలు ఆ పేరుకు కారణం. గోషామహల్ నుంచి సొరంగం ఉందన్న కథ నగరంలో ప్రచారంలో ఉంది. డాలరు నోటు మీది కన్ను మేసన్లదన్న నమ్మకం కూడా బలమైనదే. కానీ ఆ కన్ను అమెరికా రాజముద్రలోది; ఆ ముద్ర 1782లో ఖరారయింది. మేసన్ మార్గదర్శక గ్రంథంలో ఆ కన్నును వెబ్ వివరించింది 1797లో. 1776 నాటి తొలి ముద్ర సంఘంలో మేసన్ ఫ్రాంక్లిన్ ఒక్కడే. క్రైస్తవ చిత్రకళ నుంచి ముద్ర రూపకర్తలూ మేసన్లూ వేర్వేరుగా ఆ కన్నును తీసుకున్నారు.

షట్కోణానిది ఇంకా పెద్ద చిక్కు. శ్రీవిద్య యంత్రాల్లో, మొగలు కట్టడాల మీద, యూదుల ధ్వజం మీద, రాయల్ ఆర్చ్ పతకం మీద, దివ్యజ్ఞాన సమాజ ముద్రలో అదే ఆకారం. ఆకారం ఒకటైనంత మాత్రాన మూలం ఒకటి కాదు. దివ్యజ్ఞాన సమాజం స్వస్తికకూ జర్మనీ నాజీలకూ సంబంధం లేదు. ఆ ముద్ర నాజీల కంటే దశాబ్దాల ముందుది.

పరిరక్షణ

హైదరాబాదులో పాత పతకాలు ఎక్కువగా కుటుంబాల బీరువాల్లో ఉంటాయి. జుమ్మేరాత్ బజారు వంటి పాతసామాన్ల సంతల్లో అప్పుడప్పుడు బయటపడవచ్చు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన ఇలాంటి వస్తువులు పురావస్తువుల కిందికి వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం నేరం. వెండి నల్లబడిందని చింతపండుతో, పొడితో తోమితే చెక్కిన అక్షరాలు, హాల్‌మార్కు అరిగిపోతాయి. మెత్తని గుడ్డతో తుడిచి వదిలేయడం మంచిది. రిబ్బనును తీసివేయరాదు, ఎందుకంటే రంగును బట్టే శాఖ తెలుస్తుంది.

పతకం మీది చిహ్నం సంఘాన్ని చెబుతుంది. మనిషిని చెప్పేది దాని వెంట ఉన్న కాగితం. సభ్యత్వ పత్రం, సన్మాన ఫొటో, ఆహ్వానపత్రిక దొరికితే పతకంతో కలిపి ఒకే పెట్టెలో దాచండి. విడదీస్తే తరవాతి తరానికి మిగిలేది కొన్ని గ్రాముల వెండి మాత్రమే.